లోతు తొట్టిలో మెత్తని పగడాలకు వెలుగు

ఉప్పునీటి తొట్టి లోతు రెండడుగులు దాటిందంటే దానికి లైటు ఎంచుకోవడం పెద్ద సమస్యగా కనిపిస్తుంది. ముప్పై అంగుళాల నీటి కింద ఇసుక మీద కూర్చున్న పగడానికి వెలుగు అందుతుందా? అందాలంటే ఎన్ని వాట్లు కావాలి? దుకాణాల్లో దొరికే జవాబు దాదాపు ఒకటే: లోతు పెరిగింది కాబట్టి వాట్లూ పెంచండి. రాతి పగడాలు పెంచేవారికి ఆ సలహా కొంతవరకు పనికొస్తుంది. సాఫ్ట్ కోరల్స్, అంటే రాతి అస్థిపంజరం లేని మెత్తని పగడాలు పెంచేవారికి మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ. రాళ్ల శిఖరాన ఉన్నవి ఎండలో పడ్డట్టు పాలిపోతాయి, మూలల్లో ఉన్నవి అప్పటికీ చీకట్లోనే మిగులుతాయి. ఇలాంటి తొట్టికి దీపం బలం కన్నా అది ఎంత సమంగా పరుచుకుంటుందన్నదే ముఖ్యమని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు పగడం సంగతి, తర్వాత నీటి సంగతి, ఆ తర్వాతే దీపాల సంగతి చూడాలి. కొనేవాళ్లు చాలామంది దీపాలతో మొదలుపెడతారు.

పగడం జంతువే అయినా దాని కణాల్లో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుగుతో తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికి చేరుతుంది. అయితే పగడాలన్నీ ఈ సంపాదన మీద ఒకే తీరున ఆధారపడవు. కాథరీనా ఫాబ్రిసియస్, క్లంప్ అనే శాస్త్రవేత్తలు గ్రేట్ బారియర్ రీఫ్‌లోని సాధారణ మెత్తని పగడాలను పరిశీలించి 1995లో ఫలితాలు ప్రచురించారు. వీటి కిరణజన్య సంయోగక్రియ చాలా మందకొడిగా సాగుతోందనీ, అనేక జాతులకు వెలుగు సంపాదన ఒక్కటే పొట్ట నింపడం లేదనీ, మిగతాది నీటిలోంచి పట్టుకుతింటున్నాయనీ వాళ్లు చూపించారు. పాలిప్‌లు, అంటే పగడం మీద విప్పుకునే చిన్న నోళ్లు, ముడుచుకున్నప్పుడు ఆ కొద్ది సంపాదన కూడా పడిపోతుంది. అక్వేరియం పెంపకందార్లు ఈ ఒక్క సంగతిని పట్టుకున్నా చాలు. మెత్తని పగడం మీద వెలుగు రెట్టింపు చేస్తే ఎదుగుదల రెట్టింపు కాదు. అదే వెలుగుకు బెదిరి అది ముడుచుకుంటే ఉన్న సంపాదనా పోతుంది.

వెలుగు కొలతకు మైక్రోమోల్ అనే ప్రమాణం వాడతారు. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగాల్లో, సెకనుకు చదరపు మీటరు మీద ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయో ఇది చెబుతుంది. పెంపకందార్లు దీన్నే పార్ అంటారు. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్రపు ఉపరితలం మీద అది సుమారు 2000 ఉంటుంది. కొమ్మలు వేసే అక్రోపోరా వంటి రాతి పగడాలకు తొట్టిలో 200 నుంచి 350 దాకా ఇస్తారు. మెత్తని పగడాలు 50 నుంచి 150 మధ్య హాయిగా బతుకుతాయి. గొడుగులా విప్పుకునే సార్కోఫైటన్, వేళ్లలా పెరిగే సైన్యులేరియా ఇంకొంచెం ఎక్కువైనా ఓర్చుకుంటాయి. జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్స్ మధ్యస్థం. శాస్త్రరీత్యా సాఫ్ట్ కోరల్స్ కాకపోయినా వాటితోపాటే పెంచే పుట్టగొడుగు పగడాలకు, ముఖ్యంగా డిస్కోసోమాకు 30 నుంచి 75 చాలు. ఇవి అనుభవం మీద కుదిరిన హద్దులే తప్ప ప్రకృతి గీసిన గీతలు కావు. కానీ ఈ అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే లోతు తొట్టి భయం సగం పోతుంది. పైన 150, అడుగున 50 ఉన్న తొట్టిలో అక్రోపోరా తప్ప ఈ జాతులన్నిటికీ చోటుంది. లోతు వల్ల వెలుగు తగ్గడం ఇక్కడ లోపమే కాదు, ఎవరి చోటు వారికి దొరికే సౌకర్యం.

ఒక్క హెచ్చరిక. ఎరుపు, నారింజ, ఊదా రంగుల్లో మెరిసిపోయే డెండ్రోనెఫ్తియాను చూసి మనసు పారేసుకునేవాళ్లు చాలామంది. దానిలో జూజాంథెల్లే లేవు. ఏ లైటూ దాన్ని బతికించలేదు. ఎర్రసముద్రంలోని డెండ్రోనెఫ్తియా జాతి ఒకటి నీటిలో తేలే సూక్ష్మ శైవలాలను తిని బతుకుతుందని ఫాబ్రిసియస్, ఆమె సహచరులు అదే 1995లో నిరూపించారు. రోజంతా అలాంటి మేత అందించే ఏర్పాటు ఇంట్లో దాదాపు అసాధ్యం. లైటు బాగుంది కదా అని దాన్ని తెచ్చుకోవడం దాన్ని ఆకలితో చంపడమే అవుతుంది.

ఇక నీరు. నీరు వెలుగును మింగేస్తుంది కాబట్టి లోతు తొట్టికి శక్తివంతమైన దీపం కావాలన్నది అందరూ చెప్పే మాట. సముద్రంలో అది నిజం. పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమై అంతా నీలమవుతుంది. తొట్టి లోతు మీటరుకు లోపే కదా! స్వచ్ఛమైన నీటిలో 75 సెంటీమీటర్లు ప్రయాణించేసరికి 650 నానోమీటర్ల దగ్గరి ఎరుపు నాలుగో వంతుకు కాస్త తక్కువగా పోతుంది. 450 దగ్గరి నీలం ఒక్క శాతం కూడా పోదు. పగడాలకు ఎక్కువగా పనికొచ్చేది ఆ నీలమే. అంటే నీరు మింగుతోందన్న లెక్క ఇంటి తొట్టిలో నిలవదు.

మరి అడుగున వెలుగు ఎందుకు తగ్గుతుంది? దీపం నుంచి దూరం పెరిగేకొద్దీ కిరణాలు విడిపోవడం వల్ల. ఒకే చోట వెలిగే దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. దీపాన్ని నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీశామనుకుందాం. నీటిలో కిరణం వంగడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, 25 సెంటీమీటర్ల లోతున ఉన్న రాతి శిఖరానికీ 75 సెంటీమీటర్ల లోతున ఉన్న ఇసుకకూ మధ్య వెలుగు తేడా దాదాపు మూడున్నర రెట్లు. అదే దీపాన్ని 50 సెంటీమీటర్లకు ఎత్తితే తేడా రెండున్నర రెట్లకు దిగుతుంది. అడుగున మొత్తం మీద కొంత తగ్గుతుంది నిజమే, కానీ పైనా కిందా దగ్గరపడతాయి. అడుగుకు వెలుగు చాలడం లేదని దీపాన్ని నీటికి ఆనించినంత కిందికి దించేవాళ్లు సరిగ్గా తలకిందుల పని చేస్తున్నారు. అలా దించితే అడుగున పెరిగేదానికన్నా పైన పెరిగేది చాలా ఎక్కువ.

గాజు గోడలు చేసే సాయాన్ని కూడా చాలామంది లెక్కించరు. పైనుంచి నీటిలోకి దిగిన కిరణాలు నిలువుకు దగ్గరగా వంగుతాయి. అవి పక్క గాజును ఏటవాలుగా తాకి, బయటికి పోకుండా సంపూర్ణాంతర పరావర్తనంతో లోపలికే తిరిగొస్తాయి. నిలువు నుంచి అరవై డిగ్రీల లోపు కోణంలో బయల్దేరిన కిరణాలన్నిటికీ ఇదే దారి. అందుకే కాగితం మీది లెక్క కన్నా నిజమైన తొట్టిలో అడుగున ఎక్కువ వెలుగు కనిపిస్తుంది. పక్క గాజుల మీద పాచి, సున్నపు శైవలం దట్టంగా పేరుకుంటే ఈ సాయం పోతుంది. లోతు తొట్టిలో పక్క గాజులు తుడవడం చూపు కోసమే కాదు, వెలుగు కోసం కూడా.

నీటి రంగు సంగతి వేరే. పాతబడిన తొట్టి నీటిలో కుళ్లిన పదార్థాల వల్ల పసుపు ఛాయ చేరుతుంది. అది ముందుగా మింగేది నీలాన్నే. తెల్ల బకెట్లో నీరు పట్టి చూస్తే తెలిసిపోతుంది. నెలనెలా యాక్టివేటెడ్ కార్బన్ మార్చేవారికి ఈ బాధ ఉండదు. నీటి తేట పగడాలకు ఎంత ముఖ్యమో మన తీరమే చెబుతుంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు కలిసే మన కోస్తాలో గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లోనూ లక్షదీవుల్లోనూ ఉన్నట్టు పెద్ద పగడపు దిబ్బలు లేవు. చాలాకాలం కార్బన్ వేయని తొట్టిలో కొత్తగా కార్బన్ వేసినప్పుడు జాగ్రత్త అవసరం. నీరు ఒక్కరోజులో తేటపడి, లైటు ముట్టుకోకుండానే పగడాలకు వెలుగు ఎక్కువైపోతుంది.

ఇప్పుడు దీపాలు. మొట్టమొదటి దీపం సూర్యుడే. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే పెంపకందారు సజీవ శిలలు, గాలి బుడగలు, సూర్యరశ్మి మాత్రమే ఉపయోగించి పగడాలను పెంచి, ఆ పద్ధతిని 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన అక్వేరియం 25 లక్షల లీటర్ల పగడాల తొట్టిని ఆకాశం కిందే పెట్టింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో 2008 నుంచి ఉన్న ఫిలిప్పీన్ పగడాల తొట్టి లోతు 25 అడుగులు. దాని ముందు మన ముప్పై అంగుళాలు ఏపాటి! హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి కిటికీ ఎండను నమ్ముకోవడం మాత్రం మంచిది కాదు. వెలుగుతోపాటు వచ్చే వేడిని నీరు తట్టుకోలేదు.

ఇళ్లలో చాలాకాలం రాజ్యమేలింది మెటల్ హాలైడ్. 150, 250, 400 వాట్ల బల్బులు, ఒక్కో దానికీ బరువైన బ్యాలస్ట్. ఒకే బిందువు నుంచి దూసుకొచ్చే ఆ వెలుగుకు నీటి అలల నీడలు ఇసుక మీద ఆడతాయి. ఆ అందం నాకిష్టం, ఇప్పటికీ దాన్ని మించినది లేదు. లోతు తొట్టికి ఇదొక్కటే శరణ్యమని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. మెత్తని పగడాలకు అంత తీవ్రత అక్కర్లేదు. ఏడాదికోసారి బల్బు మార్చాలి, రెండు చివరలున్న రకానికి అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు తప్పనిసరి. అన్నిటికన్నా వేడి పెద్ద సమస్య. తొట్టి నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో బయట 43 డిగ్రీలుండే ఊళ్లో ఆ బల్బు కింద నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగకుండా తిరగాల్సిందే. రెండు 250 వాట్ల బల్బులు రోజుకు పది గంటలు వెలిగితే బల్బులకే అయిదు యూనిట్లు, నెలకు 150. చిల్లర్ ఖర్చు దానికి అదనం.

టీ5 ట్యూబులు నాకు మెత్తని పగడాల కోసమే పుట్టినట్టు అనిపించేవి. తొట్టి పొడవునా పరుచుకునే దీపం కాబట్టి నీడలు తక్కువ, వెలుగు సమం. నాలుగడుగుల ట్యూబు 54 వాట్లు. ఒక్కో ట్యూబుకు విడిగా మంచి రిఫ్లెక్టర్ ఉంటే ఆరు ట్యూబులతో ముప్పై అంగుళాల లోతుకు వెలుగు చేర్చవచ్చు. వీటికీ ఏడాదికోసారి మార్పిడి తప్పదు. అసలు చిక్కు ఇప్పుడు మరోటి. ఫ్లోరోసెంట్ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. ఐరోపా యూనియన్ 2023 ఆగస్టులో టీ5 ట్యూబులను మార్కెట్ నుంచి తప్పించింది. పాదరసంపై మినమాటా ఒప్పందంలో చేరిన దేశాలు పొడవాటి ట్యూబుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ఆపేయాలని నిర్ణయించాయి. భారత్ కూడా ఆ ఒప్పందంలో ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టీ5 కొనడం తెలివైన పని కాదు. ఉన్నవాళ్లు వాటిని అరిగేదాకా నిశ్చింతగా వాడుకోవచ్చు.

మిగిలింది ఎల్‌ఈడీ. నీలి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇళ్లలోని పగడాలకు కూడా ఆ ఆవిష్కరణే ఆధారమైంది. విద్యుత్తు తక్కువ, వెలుగు తగ్గించే పెంచే వీలు ఎక్కువ, వేడి చాలావరకు పైకి పోతుంది. 150 వాట్ల దీపం పది గంటలకు ఒకటిన్నర యూనిట్ మాత్రమే. దీని ముఖ్యమైన లోపం నేను మొదట చెప్పిన చోటే ఉంది: వెలుగు ఒకచోట కుప్పపడుతుంది. ఇరుకు కోణం లెన్సులు పెట్టి "లోతు తొట్టికి ప్రత్యేకం" అని అమ్మే దీపాల కింద సరిగ్గా మధ్యలో పార్ 300 ఉంటే, అరచేయంత దూరంలో 80 ఉండొచ్చు. మూడు నాలుగు రంగుల చుక్కలు దూరదూరంగా ఉంటే పగడం కింద రంగురంగుల నీడలు పడతాయి. మెత్తని పగడాల తొట్టికి ఇరుకు లెన్సు వద్దు. 90 నుంచి 120 డిగ్రీల కోణం, ముందు ఒక మసక డిఫ్యూజర్, ఒక పెద్ద దీపానికి బదులు రెండు మూడు చిన్నవి. నాలుగడుగుల తొట్టికి ఒకే శక్తివంతమైన దీపం కన్నా సగం శక్తి గల రెండు దీపాలు ఎప్పుడూ మేలు. ఒకటి చెడిపోయినా తొట్టి చీకట్లో పడదు. పెద్ద కంపెనీల దీపాలు కొనలేనివారు అల్యూమినియం హీట్‌సింక్ మీద మూడు వాట్ల చిప్పులు బిగించి సొంతంగా చేసుకుంటారు. మంచి చిప్పులు, సరైన డ్రైవర్ ఉంటే అవి కూడా చక్కగా పనిచేస్తాయి. ఉప్పునీటి మీద వేలాడే కరెంటు కాబట్టి ఎర్తింగ్, ఈఎల్‌సీబీ లేకుండా మాత్రం పెట్టకూడదు.

వాట్లు, కెల్విన్లు, లక్స్ ఈ మూడూ కొనేవాణ్ని తప్పుదారి పట్టించే అంకెలే. వాట్లు చెప్పేది కరెంటు బిల్లు. కెల్విన్ చెప్పేది మన కంటికి కనిపించే ఛాయ. 20,000 కెల్విన్ మెటల్ హాలైడ్ బల్బు సాధారణంగా అన్నే వాట్ల 10,000 కెల్విన్ బల్బు కన్నా తక్కువ పార్ ఇస్తుంది. లక్స్ మనిషి కంటి కోసం చేసిన కొలత, ఆకుపచ్చకు ఎక్కువ విలువ కడుతుంది, నీలాన్ని చిన్నచూపు చూస్తుంది. ఫోన్ యాప్‌తో లక్స్ కొలిచి నీలి దీపం బలహీనమని తేల్చేస్తే పగడాలు మాడతాయి. ఏ దీపం ఎక్కడ ఎంత వెలుగు పంచుతుందో మీటరు పట్టుకుని గళ్లుగళ్లుగా కొలిచి ప్రచురించినవారిలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సంజయ్ జోషి ముఖ్యుడు. ఆయన పటాలు చూశాక దీపాన్ని వాట్లతో అంచనా వేయాలనిపించదు. నీటిలో ముంచి పార్ కొలిచే క్వాంటం మీటరు ఖరీదైనదే. ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కపూట అరువు తెచ్చుకున్నా చాలు. పాత తరం మీటర్లు నీలాన్ని తక్కువగా చూపిస్తాయి కాబట్టి పూర్తి వర్ణపటం కొలిచే కొత్త రకాన్నే వెతకాలి. కొలవాల్సిన చోట్లు దీపం కింద మధ్యభాగం ఒక్కటే కాదు. రాతి శిఖరం, ఇసుక, రాళ్ల నీడ, నాలుగు మూలలు అన్నీ చూడాలి.

రంగు విషయంలో వాదాలు ఎక్కువ, నిర్ణయం తేలిక. జూజాంథెల్లేలోని క్లోరోఫిల్, పెరిడినిన్ నీలం నుంచి నీలి ఆకుపచ్చ దాకా ఉన్న వెలుగును బాగా అందుకుంటాయి. కాబట్టి 420 నుంచి 480 నానోమీటర్ల వరకు ఉన్న నీలం పునాది. ఎరుపు ఎక్కువైతే మేలు లేదనడానికి ఆధారముంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో స్టైలోఫోరా అనే పగడం ఎర్ర వెలుగు కింద దెబ్బతింది. అది రాతి పగడం, మెత్తని వాటికి అదే వర్తిస్తుందని నేరుగా అనలేం, కానీ ఎరుపు చానెల్‌ను తగ్గించి ఉంచడానికి ఆ కారణం చాలు. ఇక నీలం కింద పగడాలు పచ్చగా, ఎర్రగా మెరవడం ఆరోగ్యానికి గుర్తు కాదు. వాటిలోని ఫ్లోరోసెంట్ ప్రోటీన్లు నీలాన్ని పీల్చి వేరే రంగులో విడుదల చేయడమే అది. 1999లో లోకానికి తెలిసిన, జీవశాస్త్ర ప్రయోగశాలల్లో వాడే ఎర్ర ప్రోటీన్ డీఎస్‌రెడ్ దొరికింది మన తొట్టి మూలలో కూర్చునే ఈ డిస్కోసోమాలోనే. పూర్తి నీలంలో తొట్టి నాటక రంగస్థలంలా ఉంటుంది, చేపల రోగాలు, పాచి కంటపడవు. పగలు నీలంతోపాటు తగినంత తెలుపు ఉంచి, సాయంత్రం నీలానికి మారడం నాకు నచ్చిన పద్ధతి.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పుకోవాలి. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి. చివరి రెండూ మెత్తని పగడాలకు దగ్గరి చుట్టాలే. సముద్రం నుంచి పీకి తెచ్చిన పగడానికి ఎంత మంచి లైటు పెట్టినా ఆ అన్యాయం పోదు. మెత్తని పగడాలను కత్తిరించి ముక్కలుగా పెంచడం సులువు. అలా తొట్టిలో పుట్టిన ముక్కలనే, కాగితాలు చూసి తీసుకోవాలి. తొట్టి వెలుగుకు అలవాటుపడి పెరిగిన ముక్క కొత్త దీపం కింద త్వరగా కుదురుకుంటుంది కూడా.

లైటు బిగించాక మొదటి నెల ఓపికది. సగానికి తక్కువ బలంతో మొదలుపెట్టి, వారానికి అయిదు పది శాతం చొప్పున మూడు నాలుగు వారాల్లో అనుకున్న చోటికి తేవాలి. శైవలాలు తమ సంఖ్యను, రంగుపదార్థాలను కొత్త వెలుగుకు సర్దుకోవడానికి అంత వ్యవధి కావాలి. తొందరపడితే విషపూరితమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి, పగడం తన శైవలాలనే బయటికి గెంటేస్తుంది. కొత్త పగడాన్ని ఎక్కడ పెట్టాలనుకున్నా ముందు ఇసుక మీద పెట్టి తర్వాత పైకి ఎక్కించాలి. రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు చాలు. ఆ లోపల పూర్తి బలం అయిదారు గంటలే ఉంచి, మిగతా సమయం మెల్లగా పెంచుతూ, తగ్గిస్తూ పోవచ్చు.

పగడం తనకు తానే మీటరు. కాండం సాగి పాలిప్‌లు పైకి చాచి ఉంటే వెలుగు తక్కువ. రంగు తేలిపోయి, ముడుచుకుని, నీడ వైపు ఒరుగుతుంటే ఎక్కువ. ముదురు గోధుమ రంగుకు తిరగడం తక్కువ వెలుగుకు సర్దుకోవడం కావచ్చు, నీటిలో పోషకాలు పెరగడం వల్ల కూడా కావచ్చు. లైటు మార్చే ముందు నైట్రేట్ పరీక్షించాలి. సార్కోఫైటన్ విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త. అది అప్పుడప్పుడు కొన్ని రోజులపాటు పూర్తిగా ముడుచుకుని, మైనం పూసినట్టు మెరుస్తుంది. చూసినవాళ్లు లైటు ఎక్కువైందని తగ్గిస్తారు, తక్కువైందని పెంచుతారు. అది తన పాత పై పొరను పాచితో సహా వదిలించుకుంటోంది, అంతే. ఆ రోజుల్లో లైటు జోలికి పోకుండా దాని మీదుగా నీటి ప్రవాహం కొంచెం పెంచితే పొర ఊడి, పాలిప్‌లు మళ్లీ విప్పుకుంటాయి.